ఒకే ఇంటి కంపెనీలు, వేరువేరు పన్ను లెక్కలు: రొయ్యల గుంటల నుంచి శాంతా టీకా కేసు దాకా

ఈ ఎపిసోడ్‌లో పన్నుల చరిత్ర మాట్లాడుకుందాం. పన్నులనగానే వీడియో మార్చేయకండి. ఇందులో రొయ్యల గుంటలున్నాయి, టీకా మందుంది, హైకోర్టు తీర్పుంది, మన నెల్లూరు మనిషి ఒకాయన కూడా ఉన్నాడు.

మన కోట నుంచే మొదలుపెడతా. 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నం వచ్చి, అక్కడి నుంచే మన పక్కన క్రిస్ సిటీకి శంకుస్థాపన చేశారు గుర్తుందా? కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతం. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో అదొక భాగం. కోట, చిల్లకూరు మండలాల భూములు, సుమారు 2,500 ఎకరాలు. రేపు అక్కడికి కంపెనీలు వస్తే మనవాళ్లలో చాలామంది వాటిల్లో చేరతారు. అకౌంట్స్ సెక్షన్‌లో చేరినవాళ్లు మొదటి రోజే ఒక వింత చూస్తారు. ఆఫీసు ఒకటే, తలుపు ఒకటే, యజమాని ఒకడే. తలుపు పక్కన బోర్డులు మాత్రం నాలుగు. ఫలానా ఫీడ్స్ ప్రైవేట్ లిమిటెడ్, ఫలానా హ్యాచరీస్, ఫలానా ఎక్స్‌పోర్ట్స్, ఫలానా లాజిస్టిక్స్. లోపల టీ తెచ్చే అబ్బాయి ఒక్కడే.

బయట అందరూ దాన్ని "గ్రూప్" అంటారు. మరి ఆదాయపు పన్ను వాళ్లు ఏమంటారు? నాలుగు అంటారు. నాలుగు పాన్ కార్డులు, నాలుగు రిటర్నులు, నాలుగు ఆడిట్లు. దీనివల్ల ఏమవుతుందో మనకు బాగా తెలిసిన రొయ్యలతో చెప్తా.

ఒక ఇంటివాళ్లకి రెండు కంపెనీలు ఉన్నాయనుకుందాం. ఒకటి పిల్ల రొయ్యల్ని పెంచే హ్యాచరీ. రెండోది రొయ్యల్ని శుద్ధి చేసి విదేశాలకు పంపే కంపెనీ. ఇది నేను కల్పించిన ఉదాహరణ, ఎవరినీ ఉద్దేశించి కాదు. ఆ ఏడాది జబ్బు తగిలి హ్యాచరీకి 2 కోట్లు నష్టం. ఎగుమతి కంపెనీకి 3 కోట్లు లాభం. ఇంటి లెక్కలో మిగిలింది ఎంత? 1 కోటి. పన్ను ఎంత మీద? 3 కోట్ల మీద. 2019లో తెచ్చిన 22 శాతం రేటుకి సర్‌చార్జి, సెస్సు కలిపితే 25 శాతం దాటుతుంది. అంటే సుమారు 75 లక్షలు. రెండూ కలిపి లెక్క వేసి ఉంటే పాతిక లక్షలతో పోయేది. తేడా యాభై లక్షలు.

హ్యాచరీ నష్టం ఎక్కడికీ పోదు, 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి ఆ హ్యాచరీ లాభాల్లోనే తీసేసుకోవచ్చు. కానీ ముందు అది బతకాలి కదా. 1994లో తెల్లమచ్చ జబ్బు వచ్చినప్పుడు మన తీరంలో గుంటలు ఎట్లా ఖాళీ అయినాయో మీ ఇళ్లలో పెద్దవాళ్లనడగండి, చెప్తారు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, తీర నియంత్రణ మండలి పరిధిలో ఉన్న వాణిజ్య రొయ్యల చెరువులు తీసేయమని. అలాంటప్పుడు "నష్టం 8 ఏళ్లు దాచుకో" అంటే మునిగినవాడికి తెడ్డు ఒడ్డున ఉందని చెప్పినట్టే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఇదే హ్యాచరీని వేరే కంపెనీగా పెట్టకుండా, ఎగుమతి కంపెనీలోనే ఒక విభాగంగా నడిపి ఉంటే? లాభనష్టాలు వాటంతటవే కలిసిపోయేవి. అదే గుంట, అదే నీళ్లు, అదే మనుషులు. మధ్యలో ఒక రిజిస్ట్రేషన్ కాగితం. ఆ కాగితం ఖరీదు యాభై లక్షలు.

మరి వేరే కంపెనీలు ఎందుకు పెడతారు? మోసానికేనా? కొంతమంది దానికే పెడతారు, లేదనను. కానీ చాలాసార్లు కారణాలు మామూలువే. ఒక వ్యాపారం మునిగినా రెండోది మునగకూడదు. ఒకదాంట్లో భాగస్వామి ఉంటాడు, ఇంకోదాంట్లో ఉండడు. అప్పిచ్చే బ్యాంకు "ఈ ప్రాజెక్టుకి విడిగా కంపెనీ పెట్టు, అప్పుడే అప్పిస్తా" అంటుంది.

గ్రూప్ అంతటినీ ఒక్క పన్నుదారుగా చూసే పద్ధతిని గ్రూప్ ట్యాక్స్ కన్సాలిడేషన్ అంటారు. ఉమ్మడి పన్ను లెక్క అనుకుందాం. చాలా దేశాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. మన దేశంలో లేదు. పరిశ్రమ సంఘాలు బడ్జెట్‌కి ముందు చాలాసార్లు అడిగాయి, రాలేదు. ఉంటే పన్ను ఎగవేత పెరుగుతుందా, తగ్గుతుందా? దీనికి జవాబు చరిత్రలోనే వెతకాలి.

ఉమ్మడి లెక్క మనకి కొత్తేం కాదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో కోస్తా తెలుగు ప్రాంతాల్లో కొన్ని ఊళ్లకి వీసబడి అని ఒక పద్ధతి ఉండేది. వీసం అంటే పదహారో వంతు. సర్కారు ఊరు మొత్తానికి ఇంత శిస్తు అని ఒక్క మొత్తం కట్టేది. దాన్ని రైతులు తమలో తాము వీసాల లెక్కన పంచుకునేవాళ్లు. సర్కారుకి హాయి, రైతు రైతు దగ్గరికీ తిరగనక్కర్లేదు. ఒకడు ఎగ్గొడితే ఆ భారం మిగతావాళ్ల మీద పడుతుంది కాబట్టి ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఊళ్లో బలమున్నవాడు తన వంతు తగ్గించి బలం లేనివాడి మీదికి నెట్టొచ్చు. బయటి కళ్లకి కనపడేది ఊరు మొత్తం కట్టిన అంకె ఒక్కటే. ఉమ్మడి లెక్కకున్న మంచీ చెడూ రెండూ ఆ వీసబడిలో కనపడతాయి. ఈ పూచీ అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అమెరికా. కంపెనీల ఉమ్మడి లెక్క అక్కడ ఎట్లా పుట్టిందో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. అది వ్యాపారులకి ఇచ్చిన రాయితీగా పుట్టలేదు, వాళ్లని పట్టుకోవడానికి పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం. 1917లో అమెరికా ప్రభుత్వం అధిక లాభాల మీద పన్ను వేసింది. పెట్టిన పెట్టుబడితో పోలిస్తే లాభం ఎంత ఎక్కువగా ఉంటే పన్ను రేటు అంత ఎక్కువ. వ్యాపారులు ఊరుకుంటారా? లాభం ఎక్కువున్న కంపెనీ నుంచి తక్కువున్న కంపెనీకి లాభం జరిపేయొచ్చు. ఒక కంపెనీని నాలుగు ముక్కలు చేయొచ్చు. సరుకుని చెల్లెలి కంపెనీకి తక్కువ ధరకి అమ్మినట్టు బిల్లు రాస్తే చాలు. దాంతో పన్నుల శాఖ ఏం చేసిందంటే, "మీరందరూ ఒక్కటే, లెక్క కలిపి చూపించండి" అంది. 1918 చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. ఇష్టముంటే కాదు, తప్పనిసరి.

ఉమ్మడి లెక్క వేస్తే గ్రూప్ లోపల రాసుకునే బిల్లుకి విలువుండదు. కుడిజేబులోంచి ఎడమజేబులోకి పది రూపాయలు మార్చినట్టు. దొంగబిల్లు రాసినా లాభం లేదు కాబట్టి రాయరు. దొంగని పట్టుకోవడం కంటే, దొంగతనానికి పనికొచ్చే వస్తువే లేకుండా చేయడం అన్నమాట.

తర్వాత అధిక లాభాల పన్ను పోయింది. 1922 నుంచి ఉమ్మడి లెక్క ఐచ్ఛికమైంది. అప్పుడు వ్యాపారులే దాన్ని వాటేసుకున్నారు, ఎందుకంటే నష్టాలు కలుపుకోవచ్చు. ఆర్థిక మాంద్యం వచ్చి అందరికీ నష్టాలే అయ్యేసరికి ప్రభుత్వానికి గుండె జారింది. 1934లో రైల్వేలకి తప్ప మిగతా అందరికీ తీసేశారు. 1942లో మళ్లీ యుద్ధం, మళ్లీ అధిక లాభాల పన్ను, మళ్లీ ఉమ్మడి లెక్క తెచ్చారు. ఈసారి మామూలు పన్ను విషయంలో కలిపి చూపించినందుకు 2 శాతం అదనంగా కట్టమన్నారు. ఆ అదనం 1964లో గానీ పోలేదు. అంటే ఒకే పద్ధతి ఒకసారి పోలీసు, ఒకసారి వరం, ఒకసారి డబ్బు చెల్లించి కొనుక్కునే సౌకర్యం అయింది.

మిగతా దేశాల సంగతి త్వరగా చెప్పేస్తా. బ్రిటన్ 1967లో ఇంకో దారి పట్టింది. లెక్కలు కలపదు, కానీ గ్రూప్‌లో ఒక కంపెనీ తన నష్టాన్ని ఇంకో కంపెనీకి అప్పగించొచ్చు. వాటా 75 శాతం ఉండాలి. ఫ్రాన్సు 1988 నుంచి 95 శాతం వాటా ఉన్న కంపెనీలని కలిపి లెక్కేయనిస్తోంది. ఆస్ట్రేలియా 2002 జులై 1 నుంచి ఇంకా గట్టి పని చేసింది. నూటికి నూరు శాతం సొంతమైన కంపెనీలు గ్రూప్‌లో చేరితే, పన్ను లెక్కలో అవి లేనట్టే. తలకంపెనీ ఒక్కటే ఉంటుంది. కానీ తలకంపెనీ పన్ను కట్టకపోతే? మిగతావన్నీ పూచీ. ముందే పంపకాల ఒప్పందం రాసుకుని ఉంటే తప్ప ఎవరినైనా మొత్తం అడగొచ్చు. మన వీసబడి గుర్తొచ్చిందా?

జపాన్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. జపాన్ కూడా 2002లోనే ఉమ్మడి లెక్క తెచ్చింది. ఇరవై ఏళ్లు నడిపి, 2022 ఏప్రిల్ 1 నుంచి మార్చేసింది. ఎందుకు? పని భారం. గ్రూప్‌లో ముప్పై కంపెనీలున్నాయి అనుకోండి, ఒక మూలనున్న చిన్న కంపెనీ లెక్కలో తప్పు దొరికింది. ఉమ్మడి లెక్క కాబట్టి మొత్తం గ్రూప్ లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి. తనిఖీ చేసే అధికారికీ తలనొప్పి, కంపెనీకీ తలనొప్పి. అందుకని కొత్త పద్ధతిలో ఎవరి రిటర్ను వాళ్లే వేస్తారు, లాభనష్టాల సర్దుబాటు మాత్రం గ్రూప్‌లో చేసుకుంటారు. ఒకరి తప్పు సాధారణంగా వాళ్ల దగ్గరే ఆగిపోతుంది.

నన్నడిగితే ఈ చర్చ మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే అనుభవం జపాన్‌దే. ఉమ్మడి లెక్క లోపలి అబద్ధాలని తగ్గిస్తుంది, నిజమే. దానికి బదులుగా ఒకరి పొరపాటుని అందరి పొరపాటు చేస్తుంది. ఈ రెండో సంగతి మనవాళ్లు అడిగేటప్పుడు ఎందుకో పెద్దగా చెప్పరు.

సరే, మన దేశానికి వద్దాం. కంపెనీ చట్టం మనకి ఇంగ్లండు నుంచి వచ్చింది. 1896లో లండన్‌లో సాలమన్ అనే బూట్ల వ్యాపారి కేసులో ఒక సూత్రం స్థిరపడింది. కంపెనీ వేరు, యజమాని వేరు, వాటాలన్నీ ఆయన చేతిలోనే ఉన్నా సరే. మన ఆదాయపు పన్ను చట్టం ఆ సూత్రం మీదే నిలబడింది.

విచిత్రమేంటంటే, కుటుంబం విషయంలో మాత్రం మన చట్టం ఉమ్మడిని ఒప్పుకుంది. హిందూ అవిభక్త కుటుంబం అని 1922 చట్టంలోనే ఉంది. దానికి విడిగా రిటర్ను, దానికో కర్త. మరి జనం ఏం చేశారు? కాగితం మీద పాక్షికంగా పంచుకుని, ఒక కుటుంబాన్ని రెండు మూడు పన్నుదారులుగా చేశారు. ఇల్లు పంచుకోరు, వంట పంచుకోరు, ఫిక్స్‌డ్ డిపాజిట్ మాత్రం పంచుకుంటారు. చివరికి, 1978 డిసెంబర్ 31 తర్వాత జరిగిన పాక్షిక విభజనల్ని పన్ను కోసం గుర్తించేది లేదని చట్టం మార్చారు. అమెరికాలో 1917లో కంపెనీల్ని ముక్కలు చేసిన బుద్ధే ఇదీ. ముక్కలు చేస్తే పన్ను తగ్గే చోట ముక్కలు చేస్తారు, కలిపితే తగ్గే చోట కలపమంటారు. సర్కారు దీనికి సరిగ్గా ఎదురు చేస్తుంది.

కంపెనీల విషయంలో సర్కారు ఎట్లా చేసిందో చూడండి. నష్టాలు కలుపుకుంటామంటే: వేరువేరు మనుషులు మీరు, కుదరదు. కావాలంటే రెండు కంపెనీల్ని నిజంగానే ఒకటి చేయండి. దానికోసం 1977లో 72ఏ అనే సెక్షన్ పెట్టారు. మునిగిపోతున్న కంపెనీని బాగున్న కంపెనీ తనలో కలుపుకుంటే, షరతుల మీద దాని నష్టాల్ని వాడుకోవచ్చు. అంటే రిటర్నులో ఒక గడి నింపితే అయ్యే పనికి విలీనం, ట్రిబ్యునల్, నెలల తరబడి తిరుగుడు. విలీనం జరిగితే నష్టానికి మళ్లీ కొత్తగా 8 ఏళ్లు లెక్క మొదలయ్యేది. 2025లో దాన్నీ సవరించారు, అసలు నష్టం వచ్చిన ఏడాది నుంచే 8 ఏళ్లని.

అదే లాభం దగ్గరికి వచ్చేసరికి: మీరు ఒకే ఇంటివాళ్లు కదా, మీ మధ్య ధరలు నమ్మం. 2001లో ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ నిబంధనలు తెచ్చారు, మొదట విదేశాల్లో ఉన్న సోదర కంపెనీలతో లావాదేవీలకి. బయటివాడికి ఎంతకి అమ్ముతావో చెల్లెలికీ అంతకే అమ్మినట్టు రుజువు చెయ్యి అని. 2012లో అదే కొరడా దేశం లోపలి లావాదేవీలకీ తెచ్చారు. మొదట హద్దు 5 కోట్లు, 2015లో 20 కోట్లు చేశారు. కానీ రెండు కంపెనీలూ ఇక్కడే, ఒకే రేటులో పన్ను కడుతుంటే, ఒకదాని ఖర్చు ఇంకోదాని ఆదాయమే కదా. ప్రభుత్వానికి ఒరిగేదేంటి? రుజువు కాగితాల కట్టలు. 2017లో వాటిలో పెద్ద భాగాన్ని, అంటే సంబంధీకులకు చేసే మామూలు చెల్లింపుల్ని, ఆ నిబంధనల నుంచి తీసేశారు. అయిదేళ్లు రాసిన రిపోర్టులు ఎవరు చదివారో నాకైతే అనుమానమే.

ఇక జీఎస్టీలో ఇంకో మెట్టు పైకి. వేరు కంపెనీలు కాదు, ఒకే కంపెనీ అయినా రాష్ట్రానికో మనిషి కింద లెక్క. కోటలో ఫ్యాక్టరీ, చెన్నైలో గోదాము ఉన్నాయనుకోండి. తడ దాటి సొంత గోదాముకి సరుకు పంపినా పన్ను బిల్లు వేయాల్సిందే. 2017లో జీఎస్టీ వచ్చాక తడ దగ్గర వాణిజ్య పన్నుల చెక్‌పోస్టు గేటు లేచిపోయింది. గేటు మాత్రమే లేచిపోయింది, గీత అలాగే ఉంది, ఇప్పుడది కంప్యూటర్‌లో ఉంది. బ్రిటన్‌లో, ఐరోపాలో చాలా దేశాల్లో ఇలాంటి పన్నుకి కూడా గ్రూప్ అంతా ఒకే రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు.

ఇప్పుడు అసలు కథ. నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెంలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. మందుల మనిషి కాదు. 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు, తల్లి శాంతమ్మ గారి పేరు మీద. అప్పటికి హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచే రావాలి, డోసు వందల రూపాయలు. 1997లో శాంతా వాళ్లు శాన్‌వాక్-బి తెచ్చారు, జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా. ధర ఎంతో తగ్గింది. 2005లో ఆయనకి పద్మభూషణ్ వచ్చింది.

2006లో ఫ్రాన్సుకి చెందిన మెరియూ అలయన్స్ శాంతాలో వాటా కొనాలనుకుంది. నేరుగా కొనలేదు. ఫ్రాన్సులో షాన్‌హెచ్ అనే కంపెనీ పెట్టి దాని ద్వారా కొంది. మెల్లగా షాన్‌హెచ్ చేతికి దాదాపు 80 శాతం వాటా వచ్చింది. 2009లో సనోఫీ పాశ్చర్ వచ్చి, శాంతాని కాదు, షాన్‌హెచ్‌ని కొంది. అమ్మినవాళ్లు ఫ్రాన్సు, కొన్నవాళ్లు ఫ్రాన్సు, అమ్ముడుపోయిన కంపెనీ ఫ్రాన్సు. హైదరాబాద్‌లో శాంతా వాటాదారుల రిజిస్టర్ తీసి చూస్తే ఏమీ మారలేదు. నిన్నా షాన్‌హెచ్చే, ఈరోజూ షాన్‌హెచ్చే.

మన పన్నుల శాఖ వాదన ఏంటి? షాన్‌హెచ్ అనేది ఒట్టి డొల్ల, దాని వెనక ఉన్న విలువంతా ఇక్కడి శాంతాది. మీరు నిజంగా అమ్ముకుంది హైదరాబాద్ కంపెనీని. కాబట్టి లాభం మీద పన్ను ఇక్కడ కట్టాలి, డబ్బిచ్చేటప్పుడు సనోఫీ పన్ను పట్టుకోవాల్సింది. 2011 నవంబర్‌లో ముందస్తు తీర్పుల సంస్థ శాఖ వైపే మొగ్గింది. 2012 జనవరిలో ఇలాంటిదే వొడాఫోన్ కేసులో సుప్రీంకోర్టు కంపెనీకి అనుకూలంగా తీర్పిచ్చింది. రెండు నెలలు తిరక్కుండా బడ్జెట్‌లో చట్టాన్నే మార్చేశారు, అది కూడా 1962 నుంచి అమలయ్యేట్టు. యాభై ఏళ్ల వెనక్కి!

2013 ఫిబ్రవరి 15న హైదరాబాద్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. జస్టిస్ గోడ రఘురామ్, జస్టిస్ ఎం.ఎస్. రామచంద్రరావు. షాన్‌హెచ్ డొల్ల కాదు, వ్యాపార అవసరం కోసం పెట్టిన నిజమైన కంపెనీయే. అమ్ముడుపోయింది షాన్‌హెచ్ వాటాలు, శాంతా ఆస్తులు కాదు. భారత్-ఫ్రాన్సు పన్ను ఒప్పందం ప్రకారం ఆ లాభం మీద పన్ను వేసే హక్కు ఫ్రాన్సుది. వెనకటి తేదీతో చట్టం మార్చినా ఆ ఒప్పందం మారదు. ఇదీ తీర్పు సారాంశం. ఆ వెనకటి తేదీ పన్నుని 2021లో పార్లమెంటే ఉపసంహరించుకుంది.

ఈ కేసులో నాకు కనపడేది ఇది. పన్నుల శాఖ దశాబ్దాలుగా కంపెనీలకి చెప్తూ వచ్చింది: గ్రూప్ అనేది మాకు కనపడదు, ఒక్కో కంపెనీయే కనపడుతుంది. షాన్‌హెచ్ దగ్గరికి వచ్చేసరికి అదే శాఖ, "మాకు మధ్యలో కంపెనీ కనపడదు, వెనకున్న గ్రూపే కనపడుతుంది" అంది. కోర్టు ఒక రకంగా, మీరు పెట్టిన సూత్రమే మీకూ వర్తిస్తుంది అని చెప్పినట్టైంది. దేశం దాటిన నష్టాలని ఇక్కడ కలుపుకోనివ్వాలని నేనడం లేదు, దాన్ని ఏ దేశమూ సులువుగా ఒప్పుకోదు. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి చూస్తే, ఏ కన్ను ఎప్పుడు తెరుస్తారో పన్ను కట్టేవాడికి తెలియదు. తెలియనప్పుడు నిజాయితీపరుడు కూడా వకీలు దగ్గరికే పోతాడు. శాంతా అమ్మకం 2009లో, హైకోర్టు తీర్పు 2013లో. నాలుగేళ్లు.

అధికారుల భయం కూడా ఉత్తదేం కాదు. మన తెలుగు నేలమీదే సత్యం ఉంది కదా. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకి కొనాలని నిర్ణయించింది. వాటాదారులు గోల చేస్తే కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7న ఛైర్మన్ రాసిన ఉత్తరంలో అసలు విషయం బయటపడింది: బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన 5,040 కోట్లు లేనే లేవు, ఆ లేని డబ్బు స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టడానికే మేటాస్ కొనుగోలు అని. ఇక్కడొక చిక్కుంది గమనించండి. మేటాస్ కంపెనీలు సత్యంకి అనుబంధ కంపెనీలు కావు. కుటుంబం చేతిలో విడిగా ఉన్నవి. ఫ్రాన్సులో లాగా 95 శాతం, ఆస్ట్రేలియాలో లాగా నూరు శాతం అని హద్దు పెడితే ఇవి గ్రూప్‌లోకి రావు. మన దగ్గర గ్రూప్ అంటే వాటా శాతం కాదు, అన్న, బావమరిది, కోడలు. ఉమ్మడి పన్ను లెక్క తెచ్చినా, మన గ్రూపుల్లో సగం ఆ గీత బయటే ఉండిపోతాయి. లోపలికి వచ్చేది నష్టం చూపించాల్సిన కంపెనీ, బయట ఉండిపోయేది దాచాల్సిన కంపెనీ. నేను ఉమ్మడి లెక్క వైపే ఉన్నా. అయినా ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఒకటి మాత్రం చెప్పగలను. 2013 కంపెనీల చట్టంలో 129వ సెక్షన్ ప్రకారం, అనుబంధ కంపెనీలున్న కంపెనీ సాధారణంగా వాటాదారుల కోసం ఉమ్మడి లెక్కలు తయారు చేయాల్సిందే. అంటే కలిపిన లెక్క ఆఫీసులో ముందే తయారుగా ఉంది, ఆడిటర్ సంతకంతో సహా. పన్ను రిటర్ను దగ్గరికి వచ్చేసరికి దాన్ని పక్కన పెట్టి మళ్లీ ముక్కలు చేస్తాం. జపాన్ రెండో పద్ధతిలాగా ఎవరి రిటర్ను వాళ్లే వేసుకుని, నూటికి నూరు శాతం సొంతమైన కంపెనీల మధ్య మాత్రం నష్టం సర్దుకోనిస్తే, బదులుగా ఒకరి బాకీకి ఒకరు పూచీ ఉండమంటే, మొదలుపెట్టడానికి అది చాలు. పూచీ అనేసరికి ఎంతమంది వెనక్కి తగ్గుతారో కూడా అప్పుడు తెలిసిపోతుంది. 1961 చట్టం స్థానంలో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల అంకెలు మారాయి, భాష సులువు చేశారు. ఉమ్మడి లెక్క మాత్రం అందులోనూ లేదు.

కాబట్టి రేపు మీలో ఎవరైనా ఆ నాలుగు బోర్డుల ఆఫీసులో చేరితే, మార్చి నెలాఖరు ఎట్లా ఉంటుందో ఇప్పుడే చెప్తా వినండి. రాత్రి పదవుతుంది. హ్యాచరీ నుంచి ఎక్స్‌పోర్ట్స్‌కి బిల్లు, ఎక్స్‌పోర్ట్స్ నుంచి లాజిస్టిక్స్‌కి బిల్లు, అద్దెకి ఒకటి, కరెంటుకి ఒకటి, మీ జీతంలో ఏ కంపెనీ వంతు ఎంతో దానికి ఇంకోటి. అమ్మినవాడి తరఫున మీరే సంతకం పెడతారు. కాగితం టేబుల్ అవతలికి జరుపుతారు. కుర్చీ మార్చుకుని, కొన్నవాడి తరఫున కూడా మీరే సంతకం పెడతారు.